మిరపచేనిలో నాలుగో తరగతి

మా కాలేజీలో రికార్డు రాయమన్నారు. "తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానం: కాబోయే ఉపాధ్యాయురాలిగా నా ఆలోచనలు" అని అంశం. పది పేజీలకు తగ్గకూడదట, మార్జిను కొట్టాలట, ముఖ్యమైన మాటల కింద ఆకుపచ్చ స్కెచ్‌తో గీతలు గీయాలట. పోయినేడాది సీనియర్ రాసిన రికార్డు ఒకటి హాస్టల్లో గదిగదికీ తిరుగుతోంది. నా స్నేహితురాళ్ళు ముగ్గురు దాన్ని ముందు పెట్టుకుని కామా కూడా పోకుండా దించేశారు. నేనూ దించేద్దామనే కూర్చున్నాను. "సాంకేతికత విద్యారంగంలో విప్లవాత్మకమైన మార్పులు తెచ్చినది" అని మొదటి వాక్యం. అది రాయడానికి చెయ్యి రాలేదు, కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. "నువ్వు టీచరైతే పిల్లోళ్ళ గతేమి పాపా" అని మా నాయన ఏసన్న ఇప్పటికీ అంటుంటాడు.

కాబట్టి రికార్డు తర్వాత రాసుకుంటాను. ముందు జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తాను.

నా పేరు మహిమ. మాది కోయిలకుంట్ల పక్కన పల్లె. కర్నూలులో టీచర్ ట్రైనింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బడిలో పాఠాలు చెప్పి నేర్చుకోవడానికి నన్ను నవంబరులో కోసిగి మండలంలోని ఒక ఊరికి వేశారు. కరువు మండలం కదా, కోసిగి అనగానే హాస్టల్లో అందరూ "అయ్యో పాపం" అన్నారు. ఏదో జబ్బు చేసినదాన్ని పలకరించినట్టు పలకరించారు.

బడికి రెండు గదులు, ఐదు తరగతులు. ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకామె కాన్పు సెలవులో ఉంది. మిగిలింది ఓబులేసు సారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరయ్యే మనిషి. గదిలో గోడకు పెద్ద స్మార్ట్ టీవీ ఉంది, దాని మీద ఎమ్మిగనూరు నేత దుప్పటి ఒకటి కప్పి ఉంది. అది చూసి నేను వెంటనే తీర్పు చెప్పేశాను, మనసులోనే. ముసలాయనకు టీవీ పెట్టడం రాదు, అందుకే ముసుగేసి కూర్చోబెట్టాడు అని. మరునాడు పొద్దున సారు దుప్పటి తీసి మడతపెట్టి, తన ఫోనులోంచి టీవీ మీదికి గుండెకాయ బొమ్మ తెచ్చి, అది కొట్టుకుంటుంటే పిల్లలందరి చేతా వాళ్ళ వాళ్ళ ఎదల మీద చేతులు పెట్టించాడు. దుప్పటి ఎందుకు కప్పుతారు సార్ అని అడిగితే, "దుమ్మమ్మా" అన్నాడు. అంతే. నా తెలివికి నాకే సిగ్గేసింది.

ఆ టీవీ అంటే నాకు ప్రాణమైపోయింది. ఒకరోజు సముద్రం చూపించాను. గది నిండా నీళ్ళ హోరు. నాలుగో తరగతి పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"మేడం, ఆ నీళ్ళు తాగేకి పనికి రావంటారే. మరి అన్ని నీళ్ళు ఏంటికి పెట్టినారు?"

ఆ పిల్ల హేమావతి. రేపు చెప్తానని తప్పించుకుని, ఆ సాయంత్రం కూర్చుని చదువుకున్నాను. ట్రైనింగులో చేరాక ఒక ప్రశ్న కోసం నేనై నేను పుస్తకం తీసింది అదే మొదలు.

హేమావతి పేరు మీద ఓబులేసు సారు అప్పటికే గురుకుల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాడు. నాలుగు చదివినవాళ్ళు ఐదో తరగతి సీటుకు రాసే పరీక్ష అది. "సీటొస్తే ఇంటరు దాకా ఆడనే తిండి, ఆడనే చదువు. రాకుంటే మాత్రం కష్టమమ్మా. వచ్చే ఏడు దానికి అరకూలి కడతారు. ఒకసారి కూలి లెక్కలోకి పోయిన పిల్ల మళ్ళీ బడికి వచ్చింది నా సర్వీసులో నేను చూడలేదు" అన్నాడు సారు. ముప్పై రెండేళ్ళ సర్వీసు ఆయనది. ఆ మాట విన్నప్పటినుంచి హేమావతి ముందు వరసలో కనబడితే చాలు, నాకు లోపల ఒక తొందర మొదలయ్యేది.

క్రిస్మస్‌కు ఇంటికి పోయి తిరిగొచ్చి నేను బస్సు దిగిన పొద్దుననే ఊళ్ళోకి లారీ వచ్చి ఉంది. ఆ వైపు దీన్ని వలస అనరు, సుగ్గి అంటారు. ఇక్కడి పొలాల్లో పని అయిపోగానే ఇళ్ళకు తాళాలేసుకుని, గిన్నెలూ దుప్పట్లూ పిల్లల్నీ ఎక్కించుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఏప్రిల్లో వస్తారు. నేను లారీ దగ్గరికి పోయేసరికి హేమావతి పైన మూటల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో చంటి తమ్ముడు.

వాళ్ళమ్మ సుంకమ్మతో గొడవ పెట్టుకున్నాను. గొడవే, మాట్లాడడం కాదు.

"పరీక్ష పెట్టుకొని పిల్లను తోలుకపోతారా అక్కా? సారింట్లోనన్నా ఇడిసిపోండి."

"చంటోణ్ణి ఎవురు పట్టుకోవల్ల మేడం?" అంది సుంకమ్మ, నెమ్మదిగానే. "నేను సాలులో వంగుంటే వాడు గట్టు మీద ఏడుస్తాంటాడు. మా అత్త ఉన్నెప్పుడు ఆయమ్మ పట్టుకునేది. ఆయమ్మ పాయె. ఇప్పుడు ఈయమ్మి ఉంటేనే నా చేతులాడేది."

"మరి పరీక్ష?"

"రాపిస్తాం. ఆ పొద్దుకు ఎట్లన్నా చేసి తోలుకొస్తాం. సదివించేదే యాడ కుదురుతుంది, మీరే చెప్పండి."

"కుదురుతుంది. నేను ఫోన్లో చెప్తా, రోజూ" అన్నాను. అనేటప్పుడు ఎలా చెప్తానో నాకు తెలియదు. హేమావతి పైనుంచి నా వైపు చూసి తల ఊపింది. ఇరవై రెండు మంది ఉన్న నాలుగో తరగతిలో ఆ రోజు ఏడుగురు మిగిలారు.

ఇక నా విద్యలన్నీ బయటికి తీశాను. కాలేజీలో వీడియోలు చేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. రంగురంగుల స్లైడ్లు, కింద మెత్తని సంగీతం, మూలన చిన్న గుండ్రంలో నా మొహం. ఒక్కో పాఠం పదమూడు నిమిషాలు. రోజుకొకటి చేసి హేమావతి వాళ్ళ నాయన చిన్నన్న ఫోనుకు పంపాను. నిజం చెప్పాలంటే ఆ వీడియోలు హేమావతి కోసం ఎంతో, కాలేజీ సెమినారులో చూపించుకోవడానికీ అంతే. పంపినవాటి కింద రెండు టిక్కులు పడుతున్నాయి గానీ ఒక మాట లేదు, ఒక ప్రశ్న లేదు. సముద్రం నీళ్ళ మీద నన్ను నిలదీసిన పిల్ల ఇన్ని పాఠాలకు ఒక్క ప్రశ్న అడగదా అని మంటెత్తింది. పదో రోజు ఫోన్ చేశాను.

"ఏమన్నా, పాఠాలు పాపకు చూపిస్తాండారా లేదా?"

"చూపిస్తాండాం మేడం" అన్నాడు చిన్నన్న. "ఫోను నిండిపాయె, కొత్తవి రామంటాండె. మేస్త్రీతో చెప్పి రవంత జాగా చేపిస్తిమి."

"ఏం తీసేసినారు?"

"మావేలే మేడం. మా యమ్మ ఫోటోలు, చంటోనికి పేరు పెట్టిననాటివి, అమ్మేసిన ఎద్దులవి."

"చూసినాక నా వీడియోలు తీసేయాల్సింది గదన్నా" అన్నాను.

"అవి ఎట్ల తీసేస్తాం మేడం? సదువు గదా."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అదే నా ప్రాణం తీసింది. మీ అమ్మ ఫోటో వేరే ఎక్కడైనా ఉందా అని అడిగితే, "లేదు మేడం. మనసులో ఉండాది లే" అన్నాడు. ఆ తర్వాత అడగ్గా అడగ్గా మిగతాది చెప్పాడు. పగలు ఫోను ఆయన జేబులో ఉంటుంది, మేస్త్రీ పిలుస్తాడని. సాయంత్రం పని దిగగానే మోటారు షెడ్డులో చార్జింగుకు పెడతారు. అది వచ్చేసరికి హేమావతి నిద్రమొహంతో ఉంటుంది. నా పదమూడు నిమిషాల్లో మూడో నిమిషం దాటి ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

బడిలో టీవీ గదికి పోయి కాసేపు ఏడ్చాను. ఓబులేసు సారు వచ్చి ఏమైందని అడిగాడు. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని, అద్దాలు సర్దుకుని, ఫోనులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. వేలు పైకి తోస్తూనే ఉన్నాడు. గంట కొట్టే వేళ దాటిపోయింది. పిల్లలు బయట అల్లరి చేస్తున్నారు. చివరికి ఫోను నా చేతికిచ్చాడు. బడి వంటగది ముందు పెద్ద గరిటె పట్టుకుని ఒక ముసలామె నవ్వుతోంది. మధ్యాహ్న భోజనం ఫోటోలు రోజూ తీసి పైకి పంపాలి కదా, అందులో ఒకటి. చిన్నన్న వాళ్ళమ్మ ఆ బడిలో వంట చేసేదని నాకప్పుడే తెలిసింది.

"నేను ఏదీ తీసేయనమ్మా, నా ఫోనూ నిండే ఉంటాది" అంటూ ఆ ఫోటోను చిన్నన్నకు పంపాడు. అలాంటివి ఇంకా పదకొండు దొరికాయి. అవి పంపాక అన్నాడు, "మహిమా, మిరప కోసేవాళ్ళకు చేతులకు పని, కండ్లకు పని. చెవులు ఖాళీనే గదా. నలభై మందిని ఐదు తరగతులుగా పెట్టుకొని ఒక్కణ్ణే చెప్పినప్పుడు నేను చేసిందీ అదే. ఒక తరగతి రాస్తాంటే ఇంకో తరగతి చెవులకు పాఠం చెప్పేవాణ్ణి."

చెవులు అనగానే నాకు మా జేజి, అదే మా నాయనమ్మ, గుర్తొచ్చింది. మా జేజి రెజీనాకు అక్షరం ముక్క రాదు. అయినా మా చర్చిలో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెడితే చదువుకున్నవాళ్ళంతా ఆమె వెనకే. ఆమెకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. కలుపు తీసేటప్పుడు పక్క సాలులో ఉన్న పాస్టరమ్మ సగం వాక్యం చెప్పి ఆగేదట. మిగతా సగం వీళ్ళు అందుకోవాలి. చిన్నప్పుడు నాకు సండే స్కూల్లో నేర్పిందీ అట్లాగే. చెప్పి ఆగడం. ఆ ఆగడంలోనే ఉంది అంతా. రెండేళ్ళ ట్రైనింగులో నాకు ఎవరూ చెప్పని సంగతి మా ఇంట్లోనే పడి ఉందన్నమాట.

మరునాడు పొద్దున గంట కొట్టకముందు టీవీ గది తలుపు మూసి వాయిస్ మెసేజ్ రికార్డు చేశాను. సంగీతం లేదు, నా మొహం లేదు.

"హేమా, నేను మహిమ మేడమ్ని. ఏడో ఎక్కం. నేనడుగుతా, నువ్వు పైకి చెప్పు. ఏడు ఆర్లు?" ఆగాను. మనసులో ఐదు లెక్కపెట్టుకున్నాను. కిటికీ అవతల ఒక కోడి కూసింది. "నలభై రెండు. ఏడు ఏళ్ళు?" మళ్ళీ ఆగాను. మొత్తం నాలుగు నిమిషాలు. చిన్నన్నకు ఫోన్ చేసి, పాటలు పెట్టుకున్నట్టే స్పీకరు పెట్టి జేబులో వేసుకో అన్నా, పిల్ల దగ్గర్లో ఉండేటట్టు చూసుకో చాలు అన్నాను. ఆయన సరేనన్నాడు.

మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు మేస్త్రీ ఫోనునుంచి హేమావతి పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. నొక్కాను. ముందు గాలి, చెట్ల గరగర. ఆ తర్వాత నా గొంతే, ఫోనులోంచి చిన్నగా, "ఏడు ఎనిమిదులు?" అంటోంది. నేను ఆగిన చోట ఒక్కసారిగా గుంపు గొంతులు లేచాయి.

"యాభై ఆరు."

పది మందో పదిహేను మందో ఆడవాళ్ళు. ఒక ముసలి గొంతు మాత్రం వెనకబడి "యాభై నాలుగు" అంది. "నీ తలకాయ, యాభై ఆరు" అని ఇంకో గొంతు కసిరింది. అందరూ నవ్వారు. నవ్వుల మధ్యలో హేమావతి గొంతు ఫోనుకు దగ్గరగా, "మేడం, మా కోత మేళంలో పదిహేడు మంది కూలోళ్ళు ఉండారు. అందురూ చెప్తాండారు. వెంకటలక్ష్మమ్మవ్వకు మాత్రం రాదు. ఇంకోసారి నిదానంగా చెప్పాలంట" అంది.

నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. సారుకు వినిపించాను. ఆయన విని, అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచాడు. "నా సర్వీసులో ఇంత పెద్ద నాలుగో తరగతి చూడలేదమ్మా" అన్నాడు.

ఆ రోజునుంచి నాకు రెండు తరగతులు. బడిలో ఏడుగురు, మిరపచేనిలో పద్దెనిమిది మంది. బడిలో పిల్లలకు టీవీ మీద చూపించిందే వాళ్ళకు మాటల్లో చెప్పాలి. గుండెకాయ చెప్పేటప్పుడు "పని ఆపి ఎద మీద చెయ్యి పెట్టుకోండి" అన్నాను. మిరప చేతులతో రవికెలన్నీ ఎర్రగా చేసుకున్నామని మరునాడు తిట్లు వచ్చాయి. ఒకసారి లెక్క ఇచ్చాను, "ఒక మనిషి గంటకు రెండు సాళ్ళు కోస్తే పదిహేడు మంది గంటకు ఎన్ని సాళ్ళు కోస్తారు?" అని. ముప్పై నాలుగు అని జవాబు వచ్చింది, దాని వెనకే సుంకమ్మ గొంతు కూడా వచ్చింది.

"మేడం, లెక్క సరిపాయె గానీ, గంటకు రెండు సాళ్ళు కోసే మనిషిని మాకు చూపించండి. ఒక సాలు తెగేకి పూట పడతాది. మీరు మిరపచేను ఎప్పుడన్నా చూసినారా?"

చూడలేదు. కోయిలకుంట్ల పక్కన పుట్టి పెరిగి, మూడు పూటలా కారం తింటూ, ఒక సాలు మిరప తెంపడానికి ఎంతసేపు పడుతుందో తెలియకుండా లెక్కలు చెప్తున్నాను. మరునాడు తప్పు ఒప్పుకుని లెక్క మార్చి పంపాను. వాళ్ళు నన్ను దిద్దినంత ఓపికగా మా లెక్చరర్లు కూడా దిద్దలేదు. పూటంతా వంగి చేతులు మండుతున్నా జవాబు తప్పితే మళ్ళీ అడగమనే ఆ ఆడవాళ్ళను నేనిప్పటికీ తలుచుకుంటాను. ఇంత ఇష్టంగా చదివినవాళ్ళను నేను చూడలేదు, నాతో సహా.

హేమావతి సంగతి ఇంకా వింత. రానురాను నా పాఠాన్ని అది నడపడం మొదలుపెట్టింది. తమ్ముణ్ణి చంకన వేసుకుని, వాళ్ళ నాయన జేబులోంచి ఫోను తీసుకుని సాళ్ళ మధ్య తిరిగేదట. వెంకటలక్ష్మమ్మవ్వ వెనకబడితే నా గొంతును ఆపేసి, తానే రెండుసార్లు చెప్పించి, మళ్ళీ నొక్కేదట. అవ్వకు ఏడో ఎక్కం వచ్చేసరికి హేమావతికి పన్నెండు దాకా వచ్చేశాయి.

పరీక్ష మార్చి మొదటి ఆదివారం. చంటివాడి సమస్య తీరనే తీరింది. ఆ మూడు రోజులూ వాణ్ణి వంతుల వారీగా చూసుకుంటామని ఆ పదిహేడు మందీ తమలో తామే ఒప్పందం చేసుకున్నారు. "మా అమ్మి రాసిరానీ" అన్నారట. మా అమ్మి. శుక్రవారం చిన్నన్న పిల్లను తీసుకుని బయలుదేరుతున్నానని ఫోన్ చేశాడు. సంతోషంగా ఫోను పెట్టేశాక నాకు తట్టింది. రెండు నెలలుగా ఆ పిల్ల పెన్ను పట్టలేదు. చెవులతో నేర్చుకుంది, నోటితో చెప్పింది. పరీక్షలో నోటితో చెప్తే వినేవాళ్ళుండరు. ఒక కాగితం ఇస్తారు, ప్రశ్న నంబరు ఎదురుగా నాలుగు సున్నాలుంటాయి, సరైన సున్నాను నల్ల పెన్నుతో నింపాలి. అలాంటి కాగితం హేమావతి పుట్టి చూడలేదు. చెవులు చెవులు అని మురిసిపోతూ చేతిని మరిచిపోయాను. వీడియోలప్పుడు చేసిన తప్పునే ఇంకో వైపునుంచి చేశాను.

శనివారం మధ్యాహ్నం వాళ్ళు కోసిగి స్టేషనులో దిగి నేరుగా బడికి వచ్చారు. హేమావతి ఎండకు నల్లబడింది. వేళ్ళు పగిలి ఉన్నాయి. కండ్లు నలుపుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోతోంది. ఓబులేసు సారు దుప్పటి తీసి మడతపెట్టి, జవాబు పత్రాన్ని టీవీ నిండా పెద్దది చేసి పెట్టాడు. నేను కోసిగిలో ముప్పై కాగితాలు జిరాక్సు తీయించుకొచ్చాను. మొదటి కాగితంలో హేమావతికి ఒక ప్రశ్న రాలేదు, దాన్ని వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోయింది. కానీ సున్నా మాత్రం వదిలేసిన ప్రశ్న ఎదురుగానే నింపింది. అక్కడినుంచి ఒక్కటొక్కటిగా కిందిదాకా అన్నీ తప్పే. ఒక్కటి తప్ప జవాబులన్నీ తెలిసిన పిల్లకు ఇరవైకి మూడు మార్కులు. రెండో కాగితంలోనూ అంతే. హేమావతి పెదవి వణుకుతోంది. సారు ఏదో చెప్పబోయాడు.

అప్పటిదాకా గడప దగ్గర కూర్చున్న చిన్నన్న లేచి టీవీ ముందుకు వచ్చాడు. ఆ వరసల్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇవి సాళ్ళే గదమ్మా" అన్నాడు కూతురితో. "సాలుకు ఒక్క కాయ తెంపల్ల. ఒక సాలు వద్దనుకుంటే దాన్ని ఖాళీగా ఇడిసి పక్క సాలుకు పోవల్ల గానీ, వద్దన్న సాలులోకి మల్ల చెయ్యి పెట్టొచ్చునా?"

హేమావతి కాగితం వైపు చూసింది. ముక్కు చీదుకుని మూడో కాగితం అందుకుంది. ఈసారి ఎడమ చేతి వేలు సాలు మీద పెట్టి, కుడి చేత్తో నింపుతూ దిగింది. ఇరవైకి పందొమ్మిది. చీకటి పడకముందే కాగితాలన్నీ అయిపోయాయి. నేనూ సారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముప్పై రెండేళ్ళ సర్వీసుకూ రెండేళ్ళ ట్రైనింగుకూ తట్టనిది బడి మెట్టెక్కని ఆ మనిషికి ఒక్క చూపులో తట్టింది.

మరునాడు నేను చర్చికి పోకుండా పరీక్ష కేంద్రం గేటు బయట నిలబడ్డాను. హేమావతి బయటికొచ్చి, "అన్నీ చెప్పినా మేడం" అంది.

"చెప్పేదేంది, రాయలేదా?"

"ముందు నోట్లో చెప్పుకొని, అప్పుడు సాలులో పెట్టినా. ఏడు ఎనిమిదులు వచ్చినప్పుడు అవ్వ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆడ కాపలా ఉండే సారు ఏంటికి నవ్వుతాండావన్నాడు."

ఆ సాయంత్రమే తండ్రీకూతుళ్ళు రైలెక్కి చేనికి వెళ్ళిపోయారు. ఫలితం తెలిసేదాకా పాఠాలు ఆపబుద్ధి కాలేదు, పంపుతూనే ఉన్నాను. మార్చి ఆఖరులో ఒకరోజు ఓబులేసు సారు ఫోను పట్టుకుని గదిలోకి వచ్చాడు. టీవీ మీది దుప్పటి తీశాడు. ఆ రోజు మడతపెట్టలేదు, కింద పడేశాడు. ఫోనులోని పేజీ టీవీ మీదికొచ్చింది. గోడంత అక్షరాలతో హేమావతి పేరు, పక్కన గురుకులం పేరు. ఉన్న ఏడుగురు పిల్లలూ కలిసి దాన్ని పైకి చదివారు. నేను ఏడ్చాను. సారు ఏడవలేదంటాడు గానీ, ఏడ్చాడు.

వాయిస్ మెసేజ్ పెట్టాను. "హేమా, నీకు సీటొచ్చింది. అందరికీ చెప్పు. వెంకటలక్ష్మమ్మవ్వకు ప్రత్యేకంగా చెప్పు. పాఠాలు ఈ రోజుతో అయిపోయినాయి తల్లీ. మీ అందరికీ నా దండాలు" అన్నాను. మూడుసార్లు రికార్డు చేస్తే గానీ కుదరలేదు. వెంటనే జవాబు వచ్చింది. మాటలేం లేవు, కేకలూ ఈలలూ. హేమావతిని ఎత్తుకున్నారు కాబోలు, "దింపండి" అంటోంది.

మరునాడు నా సామాను సర్దుకుంటున్నాను. అక్కడ నా పని ఇంకో వారంలో ముగుస్తుంది, పోయి రికార్డు రాసుకోవాలి. పదకొండు గంటలకు చిన్నన్న నంబరునుంచి ఫోన్. మాట్లాడింది సుంకమ్మ.

"మేడం, ఈ పొద్దు పాఠం రాలేదే?"

"అయిపోయినాయి గదక్కా. హేమకు సీటొచ్చె గదా."

"ఆయమ్మికి వచ్చె. బాగుండాది" అంది సుంకమ్మ. చేను గాలి వినబడుతోంది, ఆమె వెనక ఎవరో ఏదో అందిస్తున్నారు. "మాకు? పన్నెండో ఎక్కం కాడ ఇడిసిపెట్టి పోతివి. అవ్వ పొద్దున్నించి అడుగుతాండాది."

సర్దిన బ్యాగును అక్కడే వదిలేసి బడికి నడిచాను. టీవీ గదిలోకి పోయి తలుపు మూసుకుని, ఫోను తీసి రికార్డు నొక్కాను.

"పదమూడో ఎక్కం" అన్నాను. "పదమూడు ఒకట్లు?"

అని ఆగాను.